మాంట్రియల్ పైసలు, కొల్లాపూర్ గ్యాస్ పని

కొల్లాపూర్,
మే నెల.

దోస్తూ,

నీ వాయిస్ మెసేజ్ విన్న. మాంట్రియల్‌ల నువ్వు రోజూ పోయే దారిలనే ఓజోన్ ఫండ్ ఆఫీసు ఉన్నదని ఈ మధ్యనే తెలిసిందన్నవు. "ఇన్ని కోట్ల డాలర్లు ఇన్నేండ్లు పంచిండ్రట. అండ్ల సగం దారిలనే కరిగిపోయి ఉంటయి. నీది గ్యాస్ నింపే పనే గదా, నీ దాకా ఒక్క రూపాయన్న వచ్చిందా?" అని అడిగినవు. నువ్వు అకౌంట్లు చూసేటోనివి, అనుమానపడుడే నీ పని. కాని ఈ ఒక్క లెక్క విషయంల నీ అనుమానం నిలవదు. ఫోన్‌ల చెప్తే సగంల కట్ అయితది, అందుకే కూసొని రాస్తున్న.

మన చిన్నప్పుడు కొల్లాపూర్‌ల ఫ్రిజ్ అంటే ఆల్విన్. హైదరాబాద్‌ల తయారై వచ్చేది. ఒకటి రెండు కూల్‌డ్రింక్ షాపులల్ల, డాక్టర్ల ఇండ్లల్ల తప్ప కనబడేది కాదు. దాని కంప్రెసర్‌ల తిరిగేది ఆర్-12 గ్యాస్. గోడల మధ్య నురగ పొంగించేటందుకు ఆ రోజులల్ల వాడింది ఆర్-11. రెండూ సీఎఫ్‌సీలే. వాసన లేదు, మంట అంటుకోదు, మనిషికి విషం కాదు. మెకానిక్‌కు అంతకన్న ఏం కావాలె? లీకయితే మళ్ల నింపుడు, రిపేరుకు విప్పితే మిగిలింది గాలిలకు వదులుడు, అప్పట్ల దేశమంతా అదే పద్ధతి. ఆ వదిలింది ఎక్కడికి పోతదో 1974ల మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిండ్రు. అది ఏండ్ల తరబడి చెక్కుచెదరకుండ పైకి పోతది, అక్కడి ఎండకు పగిలి క్లోరిన్ విడుస్తది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను విరగ్గొడ్తది. 1985ల అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడుతున్నదని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపిండ్రు. ఇంకో రెండేండ్లకు, 1987 సెప్టెంబర్ 16న, నువ్వుండే ఊళ్లనే ఈ గ్యాసులను తగ్గించే ఒప్పందం రాసుకున్నరు.

ఆ ఒప్పందంల మన దేశం మొదట చేరలేదు. చేరకపోవుడే న్యాయమని నేను ఇప్పటికీ అంట. తలకు ఏడాదికి 300 గ్రాముల లోపల వాడే అభివృద్ధి చెందుతున్న దేశాలకు పదేండ్లు ఎక్కువ గడువు ఇచ్చిండ్రు. మన వాడకం ఆ గీతకు ఎంతో కింద. ఇంటింటికి ఫ్రిజ్, కారు కారుకు ఏసీ ఉన్నోళ్లు చేసిన నష్టానికి, ఊరికో ఫ్రిజ్ ఉన్నోళ్లు తమ సొంత ఖర్చుతోని ఫ్యాక్టరీలు మార్చుకోవాలంటే ఎట్ల కుదురుతది? 1990 జూన్‌ల లండన్ సమావేశానికి పర్యావరణ మంత్రిగ మేనకా గాంధీ పోయిండ్రు. మనమూ చైనా ఒక్క మాట మీద నిలబడ్డం: మారేటందుకు అయ్యే ఖర్చు ఇయ్యాలె, కొత్త టెక్నాలజీ ఇయ్యాలె, అప్పుడే సంతకం. కొత్త ఫండ్ వద్దే వద్దని మొండికేసిన అమెరికా ఆ సమావేశానికి కొద్ది రోజుల ముందు మెత్తబడ్డది. మూడేండ్లకు 16 కోట్ల డాలర్లు, ఇండియా, చైనా చేరితే ఇంకో 8 కోట్లు అని తేలింది. 1991ల ఫండ్ పని మొదలుపెట్టింది. 1992 జూన్ 19న మనం ఒప్పందంల చేరినం. రియోల ధరిత్రీ సదస్సు అయిపోయి వారం కూడ కాలేదు. ప్రధాని మన పీవీ. సోమశిల రేవుల పడవెక్కి కృష్ణ దాటితే అవతలి గడ్డ అప్పట్ల ఆయన గెలిచిన నంద్యాల నియోజకవర్గమే.

కె. మాధవ శర్మ అని పర్యావరణ శాఖ అధికారి ఒకరుండె. ఒప్పందం వ్యవహారాలు చూసే ఓజోన్ సెక్రటేరియట్ నైరోబీల ఉంటది. 1991 నుంచి 2000 దాకా దానికి ఆయనే పెద్ద. "చేరం" అని మొండికేసిన దేశం నుంచి వచ్చిన మనిషికే దాన్ని నడిపించే పని అప్పజెప్పిండ్రంటే, మన వాదనకు ఎంత విలువ దొరికిందో చూడు.

ఇగ నీకు ఇష్టమైన లెక్కకు వస్త.

ఈ ఫండ్‌ను నడిపే కార్యనిర్వాహక కమిటీల 14 దేశాలుంటయి. పైసలిచ్చే దిక్కు నుంచి 7, తీసుకునే దిక్కు నుంచి 7. ఓటింగు దాకా పోతే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలె, పైగా రెండు దిక్కులల్ల విడివిడిగ మెజారిటీ ఉండాలె. అంటే ఎక్కువ చందా కట్టే అమెరికా ఒక్కతే ఏదీ నెట్టుకుపోలేదు, మనమూ నెట్టుకుపోలేం. ప్రపంచ బ్యాంకుల ఎవరి వాటా ఎంతనో వాళ్ల ఓటు అంత. ఇక్కడ అట్ల కాదు. ఇచ్చేటోడు, పుచ్చుకునేటోడు ఒక్క ఎత్తు పీట మీద కూసున్న ఫండ్ అంతకుముందు నాకు తెలిసి లేదు. ప్రాజెక్టు పనులు చేయించేది ఐక్యరాజ్యసమితి సంస్థలు మూడు, ప్రపంచ బ్యాంకు ఒకటి. వాళ్లు తెచ్చిన ప్రతి ప్రాజెక్టునూ మీ ఊరి ఆఫీసుల ఉన్న నిపుణులు చీల్చి చూస్తరు.

ఏం చూస్తరంటే, అదనపు ఖర్చు. ఒక ఫ్రిజ్ ఫ్యాక్టరీ ఆర్-12 మానాలంటే గ్యాస్ నింపే మిషను మార్చాలె, లీకు పట్టే మిషను మార్చాలె, నురగ పోసే మిషను మార్చాలె, కంప్రెసర్ డిజైను మార్చాలె, పనోళ్లకు నేర్పాలె. కొత్త గ్యాస్ మంట అంటుకునేదైతే గాలి బయటికి లాగే ఏర్పాటు కావాలె. గిదే లెక్కల వస్తది. ఈ సందుల ఫ్యాక్టరీని పెద్దగ చేసుకుంటే ఆ భాగం కోత. ఎట్లయినా మార్చాల్సిన పాత మిషను అయితే దానికీ కోత. కంపెనీల ధనిక దేశాలోళ్ల వాటా ఎంతుంటే అంత కోత. సరుకు ఆ దేశాలకు ఎగుమతి అయితే దాని మీద మళ్ల చూస్తరు. ఇవన్నీ అయినంక కిలోకు ఇంత అని హద్దు. ఇంట్ల ఫ్రిజుల తయారీల ఒక కిలో సీఎఫ్‌సీ మాన్పించేటందుకు 13.76 డాలర్లు, షాపుల ఫ్రిజులకు 15.21, పరుపులల్ల పెట్టే మెత్తటి నురగకు 6.23. అది దాటిన ఖర్చు కంపెనీ తన జేబుల నుంచే పెట్టుకోవాలె. 1995 జులై 25 తర్వాత కొత్తగ సీఎఫ్‌సీ మిషన్లు పెట్టినోనికి పైసా లేదు. ఎందుకంటే పరిహారం వస్తదని చూసి కావాలనే ఫ్యాక్టరీ పెట్టేటోళ్లు పుట్టుకొస్తరు. భూసేకరణ నోటీసు పడ్డంక రాత్రికి రాత్రి మామిడి మొక్కలు నాటే సంగతి నీకు తెల్వంది కాదు.

మార్పు అయినంక పాత మిషను అమ్ముకునే వీల్లేదు. పలగ్గొట్టి, పలగ్గొట్టినట్టు కాగితం చూపాలె. లేకుంటే అది ఇంకో ఊరికి పోయి అక్కడ అదే గ్యాస్‌తోని నడుస్తది.

మన దేశంల సీఎఫ్‌సీ తయారు చేసే కంపెనీలు నాలుగుండె. 1999ల ఫండ్‌తోని ఒప్పందం అయింది: ఏడాదికి 22,588 టన్నుల ఉత్పత్తిని మెట్టు మెట్టుగ సున్నాకు తేవాలె, దానికి 8.2 కోట్ల డాలర్లు. ఆ పైసలు ఒక్కసారి ఇయ్యలేదు. ఏడాదికి ఇంత అని కోటా పెట్టిండ్రు. ఎంత తయారైంది, ముడిసరుకు ఎంత కాలింది, ఎంత అమ్ముడుపోయింది అని ఆడిటర్లు వచ్చి పుస్తకాలు చూసి, కోటా దాటలేదని రాసిస్తేనే తర్వాతి కిస్తీ. దాటితే టన్నుకు ఇంత అని కోత. చివరి గడువు 2010 జనవరి 1. మన కంపెనీలు 2008 ఆగస్టు 1నే ఆపేసినయి, 17 నెలలు ముందుగనే. దమ్ము రోగులు పీల్చే పంపులకు మాత్రం ఇంకొన్నేండ్లు వెసులుబాటు ఇచ్చిండ్రు, ఆ మందు ఆగితే మనిషి బతకడు గనుక. మందుల తయారీల ద్రావకంగ వాడే కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను మాన్పించేటందుకు ఇంకో 5.2 కోట్ల డాలర్లు. ఆ ద్రావకం మానుకున్న ఫ్యాక్టరీలల్ల మన తెలుగు గడ్డ మీద తణుకుది కూడ ఒకటున్నది.

నీ వృత్తిల నువ్వు ఎన్నో లెడ్జర్లు చూసి ఉంటవు. రూపాయల పక్కన టన్నుల కాలమ్ ఉండి, రెండో కాలమ్ తగ్గితేనే మొదటి కాలమ్ నిండే లెడ్జర్ చూసినవా? ఈ ఫండ్ గట్టిదనమంతా అండ్లనే ఉన్నదని నా నమ్మకం. ఖర్చు పెట్టిన బిల్లులు చూసి తృప్తిపడే పథకాలు మనకు కొత్త కాదు. ఇక్కడ అడిగేది ఒక్కటే ప్రశ్న: గ్యాస్ తగ్గిందా?

ఈ ఫండ్ లెక్కలు చదివినప్పుడల్లా నాకు శ్రీశైలం డ్యాం ముంపే యాదికొస్తది. 1981 ప్రాంతంల కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలల్ల కలిపి దాదాపు వంద ఊళ్లు నీళ్ల కిందికి పోయినయి. మన కొల్లాపూర్ మాధవస్వామి గుడి మంచాలకట్ట నుంచి వచ్చిందే. అక్కడ విప్పి, రాళ్లు తెచ్చి ఇక్కడ మళ్ల కట్టిండ్రు. సోమశిల గుళ్లు, జటప్రోలు గుడి కూడ అట్లనే ఒడ్డుకు చేరినయి. గుడిల ఏ రాయి ఎక్కడిదో లెక్క పెట్టుకున్నరు. ఊరు విడిచిన మనిషికి మాత్రం పోయిన భూమి ధర ఒక్కటే లెక్క కట్టిండ్రు. కొత్త చోట ఇల్లు కట్టుకునేటందుకు ఎంత, చేపలు పట్టుడు పోయి ఇంకో పని నేర్చేటందుకు ఎంత, నది ఒడ్డు తోట పోయి వాన మీద ఆధారపడితే ఏడాదికి ఎంత నష్టం, అది ఎవ్వరూ రాసుకోలేదు. 1986ల వచ్చిన 98 జీవో ఇంటికి ఒక ఉద్యోగమన్నది. ఆ ఉద్యోగాల కోసం ఇన్నేండ్లకు కూడ మన దగ్గర దరఖాస్తులు పట్టుకొని తిరిగేటోళ్లున్నరు. కరెంటు అందరికీ వచ్చింది, మునిగింది కొందరే. ఆ కొందరి అదనపు ఖర్చు లెక్కగట్టే బల్ల దగ్గర వాళ్లకు కూసునే జాగ ఎవరూ ఇయ్యలేదు. లండన్‌ల మన దేశం అడిగి తెచ్చుకున్నది సరిగ్గ గదే: లెక్క పద్ధతి, బల్ల దగ్గర సగం కుర్చీలు. ఒక దేశం ఇంకో దేశాన్ని అడిగి సాధించుకున్న న్యాయం, ఆ దేశం తన లోపలి ఊళ్లకు కూడ ఇచ్చి ఉండాల్సింది. నాకు ఇది చదువుకున్న మాట కాదు, ఇక్కడ బతికినందుకు తెలిసిన మాట.

పైసలు ఇచ్చే పద్ధతి తప్పితే ఎట్లయితదో కూడ ఇదే గ్యాసుల వ్యాపారంల చూసినం. ఏసీలల్ల పోసే ఆర్-22 తయారు చేసేటప్పుడు హెచ్ఎఫ్‌సీ-23 అనే వ్యర్థ వాయువు పుడ్తది. ఓజోన్‌కు దానితోని హాని లేదు గాని భూమిని వేడెక్కించుడుల కార్బన్ డయాక్సైడ్ కన్న వేల రెట్లు బలమైనది. దాన్ని కాల్చేటందుకు అయ్యే ఖర్చు తక్కువ. కార్బన్ క్రెడిట్ల మార్కెట్ వచ్చినంక, కాల్చిన ప్రతి టన్నుకూ ఆ ఖర్చుకు ఎన్నో రెట్లు ధర దొరికింది. మన దేశంల, చైనాల వ్యర్థమే అసలు సరుకు కన్న లాభసాటి అయిపోయింది. అంటే చెత్త పుట్టించే పని మానకుండ ఉండేటందుకు ప్రపంచం పైసలు కట్టింది. యూరప్ 2013ల ఆ క్రెడిట్లు తీసుకునుడు ఆపేసింది. చివరికి 2016 అక్టోబర్ 13న మన ప్రభుత్వమే, ఆ గ్యాస్‌ను మీ ఖర్చుతోనే కాల్చాలె అని కంపెనీలకు ఆర్డరేసింది. ఒకే పరిశ్రమ, రెండు పైసల దారులు. ఒకటి అదనపు ఖర్చు ఇచ్చి తలుపు మూయించింది, ఇంకోటి లాభం చూపి తెరిచే ఉంచింది.

ఫండ్ తీసుకున్నంక ఎవడన్న దొంగచాటుగ చేస్తే పట్టేదెవరు అంటవు. గాలే పట్టిస్తది. 2018ల అమెరికా శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టిండ్రు. సీఎఫ్‌సీ-11 తయారీ ప్రపంచమంతా ఆగిపోయిందని కాగితాలు చెప్తున్నయి, హవాయి కొండ మీద గాలి కొలతలు మాత్రం 2012 తర్వాత కొత్తగ ఎక్కడనో వదులుతున్నరని చెప్తున్నయి. తర్వాతి ఏడాది కొరియా, జపాన్ కేంద్రాల కొలతలు కలిపి చూస్తే చాలా మటుకు తూర్పు చైనాల షాన్‌డాంగ్, హెబే చుట్టుపక్కల నుంచని తేలింది. చైనా ప్రభుత్వం ఫ్యాక్టరీల మీద దాడులు చేసింది, ఫండ్ నిఘా నియమాలు మళ్ల చర్చకు వచ్చినయి, రెండు మూడేండ్లల్ల ఆ గ్యాస్ వదులుడు తగ్గిపోయింది. సంతకాలను నమ్మి ఊకోకుండ గాలిని కూడ ఆడిట్ చేసే ఒప్పందం ఇంకోటి ఏదన్న ఉన్నదా, నువ్వే చెప్పు.

అంతా మంచే అని రాస్తే నీకు నమ్మకం కలగదు, నాకూ నచ్చదు. టెక్నాలజీ ఇస్తమన్న మాట మాత్రం సరిగ్గ నిలబెట్టుకోలేదు. ఆర్-12 బదులు 134ఏ గ్యాస్ రావాలె. మన కంపెనీ ఒకటి దాని తయారీ పద్ధతి కొందామని పోతే విదేశీ కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లు అడిగిందట. అది ఆ పనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఫండ్ అంత ధర ఒప్పుకోదు, అమ్మేటోడు దిగిరాడు. ఆఖరికి మనోళ్లే సొంతంగ తయారు చేసుకునే దారి పట్టిండ్రు. హైదరాబాద్ తార్నాకల ఉన్న ఐఐసీటీ శాస్త్రవేత్తలు కూడ 134ఏ తయారీ పద్ధతి మీద పనిచేసిండ్రు. పేటెంటు గోడలున్న చోట పైసలొక్కటే సరిపోవని అప్పుడు తెలిసింది. దాని ఫలం ఇప్పటికీ అనుభవిస్తున్నం: ఒక గ్యాస్ నుంచి ఇంకో గ్యాస్‌కు, ఆ గ్యాస్ నుంచి మళ్ల ఇంకోదానికి మారుకుంట పోతున్నం. ఆర్-12 పోయి 134ఏ వచ్చింది, ఆర్-22 పోయి 410ఏ వచ్చింది. ఈ కొత్తవి ఓజోన్‌ను ముట్టయి గాని వేడి పెంచుతయి. కార్బన్ డయాక్సైడ్‌తోని పోలిస్తే 134ఏ 1,430 రెట్లు, 410ఏ 2,088 రెట్లు. మొదటి రోజే ప్రొపేన్‌కు, ఐసోబ్యూటేన్‌కు మారి ఉంటే ఈ తిప్పల సగం తప్పేది. జర్మనీల 1993లనే ఆ గ్యాస్‌లతోని ఫ్రిజ్ చేసి చూపిండ్రు.

ఇగ నీ అసలు ప్రశ్న: నా దాకా ఏం వచ్చింది?

రూపాయలు రాలేదు. చదువు వచ్చింది. ఫ్యాక్టరీలు మారుడు ఒక ఎత్తు, దేశంల తిరుగుతున్న పాత ఫ్రిజులు, ఏసీలు ఇంకో ఎత్తు అని ఫండోళ్లకు తెలుసు. 2000ల ఓజోన్ నియమాలు వచ్చినంక, సీఎఫ్‌సీ వాడకం మాన్పించే జాతీయ ప్రణాళిక కింద మెకానిక్కులకు శిక్షణలు పెట్టిండ్రు, ఐటీఐలకు సామాన్లిచ్చిండ్రు. అట్లాంటి ఒక శిక్షణల నేనూ కూసున్న. అప్పటిదాకా మా పనోళ్లంతా పాత కంప్రెసర్‌నే తిప్పి ఫ్రిజ్‌ల గాలి లాగేటోళ్లు. గ్యాస్ ఎంత పోయాలో పైపు మీద చెయ్యి పెట్టి, చల్లదనం చూసి చెప్పేటోళ్లు. వాక్యూమ్ పంపుతోని లాగాలె, మైక్రాన్ మీటర్ చూడాలె, గ్యాస్‌ను తూకమేసి పోయాలె, పాత గ్యాస్‌ను గాలిల వదలకుండ సిలిండర్‌ల పట్టాలె, 134ఏకు పాత నూనె పనికిరాదు, కొత్త నూనె తేమను పీల్చుకుంటది గనుక డబ్బా మూత తీసి పెట్టొద్దు. ఇవి అక్కడ నేర్చుకున్నవే. ఓజోన్ సంగతి పక్కన పెట్టినా, ఒకసారి చేసిన రిపేరు రెండోసారి రాకుండ ఉండుడు ఆ రోజు నుంచే మొదలైంది. మా అంగడికి పేరొచ్చింది దానివల్లనే. మాంట్రియల్‌ల ఓటేసిన పైసలు ఇట్ల నా చేతిలకు దిగినయి.

కాని మా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లల దాకా అది రాలేదు, నా బాధంతా అదే. శిక్షణ పెట్టేది పెద్ద ఊళ్లల్ల. కొల్లాపూర్ నుంచి, పెంట్లవెల్లి నుంచి, కోడేరు నుంచి ఒక పిల్లగాడు హైదరాబాద్ పోయి రావాలంటే పని మానాలె, ఛార్జీలు పెట్టుకోవాలె. ఎండకాలంల శిక్షణ పెడ్తే అసలే పోడు, ఏడాది సంపాదన ఆ మూడు నెలల్లనే. పట్టిన గ్యాస్‌ను శుద్ధి చేయించే తావు మాకు దగ్గర లేదు. మిషను కొన్నా, పట్టిన గ్యాస్ ఏం చేయాలె? అందుకే ఇప్పటికీ చాలా అంగళ్లల్ల వాల్వు తెరుస్తరు. దేశంల వాడే శీతలీకరణ గ్యాస్‌ల దాదాపు 40 శాతం రిపేర్లకే పోతదని 2019ల మన ప్రభుత్వమే తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌ల ఉన్నది. దేశంల రెండు లక్షల మంది మెకానిక్కులు, లక్ష మందికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇయ్యాలని అండ్లనే రాసిండ్రు. ఆ లక్షల మా తాలూకా పిల్లలు ఎంతమంది అని అడిగే హక్కు మనకున్నది.

ఇప్పుడు అది ఇంకా అవసరం. కొత్త ఏసీలల్ల ఆర్-32 వస్తున్నది, కొన్నింట్ల ప్రొపేన్. వేడి పెంచుడుల ఆర్-32 పాత 410ఏల మూడో వంతు, ప్రొపేన్ దాదాపు లేనట్టే. మంచిదే. కాని ఆర్-32కు కొద్దిగ మంట అంటుకుంటది, ప్రొపేన్ అంటే వంట గ్యాస్ చుట్టమే. లోపల గ్యాస్ ఉండంగనే పైపుకు బ్రేజింగ్ టార్చ్ పెట్టే అలవాటున్న పిల్లగానికి దాని తేడా చెప్పకపోతే ముందు కాలేది వాని చెయ్యి. ప్రపంచం చల్లగుండాలని ఇచ్చే పైసలు మొదట ఆ చేతిని కాపాడాలె. పాలమూరు లేబర్ అని మనోళ్లు దేశమంతా ఎండల డ్యాములు కట్టిండ్రు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఎనిమిదో అంతస్తు బయట, తాడు కట్టుకొని, ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు బిగిస్తున్నరు. 2037-38 కల్లా దేశంల చల్లదనం అవసరం ఎనిమిది రెట్లు పెరుగుతదని అదే ప్లాన్ లెక్క. అంటే ఆ తాళ్లకు వేలాడే పిల్లలు కూడ అన్ని రెట్లు పెరుగుతరు.

2016 అక్టోబర్ నీకు యాదికుండాలె. 11న, దసరా నాడు, మనం మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి నాగర్‌కర్నూల్ జిల్లా అయినం. నాలుగు రోజులకు, 15న, రువాండాల కిగాలి ఊళ్ల 134ఏ, 410ఏ లాంటి హెచ్ఎఫ్‌సీ గ్యాస్‌లను కూడ తగ్గియ్యాలని ఒప్పుకున్నరు. మన దేశం 2021 సెప్టెంబర్‌ల దాన్ని ఆమోదించింది. 2024 నుంచి 2026 దాకా మూడేండ్ల వాడకం మీద మన ఆధారం లెక్క కడ్తరు. 2028ల పెరుగుదల ఆపాలె, 2032 నుంచి కోత మొదలు, 2047 కల్లా 85 శాతం తగ్గాలె. ఇంకో దిక్కు ఆర్-22 లాంటి హెచ్‌సీఎఫ్‌సీలను 2030 కల్లా, రిపేర్లకు కొద్దిగ మిగిల్చి, మూసేయాలె. వాటిని 2020 కల్లా 35 శాతం తగ్గించాల్సి ఉంటే మనం 44 శాతం తగ్గించినం. దానికి మూడో దశ ప్రణాళిక 2023 నుంచి 2030 దాకా నడుస్తున్నది. 2023 అక్టోబర్‌ల నైరోబీల దేశాలన్నీ కూసొని 2024-26 మూడేండ్లకు ఫండ్‌కు 96.5 కోట్ల డాలర్లు ఒప్పుకున్నయి. ఇంతకుముందు ఎన్నడూ అంత లేదు. ఇంత జరిగినంక ఫలితం కనబడ్తలేదా అంటే కనబడ్తున్నది. ఇట్లనే నడిస్తే ప్రపంచంల చాలా భాగం మీద ఓజోన్ 2040 ప్రాంతంల 1980 నాటి స్థితికి వస్తదని, అంటార్కిటికా మీద 2066 ప్రాంతంల వస్తదని 2022 నివేదికల శాస్త్రవేత్తలు రాసిండ్రు.

అందుకే దోస్తూ, నీకు ఒక పని చెప్తున్న. ఫండ్ కార్యనిర్వాహక కమిటీ నిర్ణయాల కాగితాలన్నీ బయట అందరికీ దొరుకుతయి. మన దేశం మూడో దశ ఒప్పందంల రిపేరు రంగానికి, అంటే శిక్షణకు, సామాన్లకు, గ్యాస్ శుద్ధి కేంద్రాలకు ఎంత పెట్టిండ్రు, ఏ ఏడాది ఏ కిస్తీ, దానికి ఏ షరతు, చిన్న ఊళ్ల మాట ఎక్కడన్న ఉన్నదా, ఇది నువ్వు చదివి తెలుగుల రెండు పేజీలు రాసి పంపు. ఆ ఇంగ్లీషు నాకు అర్థమయితది గాని ఆ పట్టికలు విప్పుడు నీ చేతుల పని. ఇక్కడ మేము చుట్టుపక్కల మండలాల మెకానిక్కులం ఒక దరఖాస్తు తయారు చేస్తున్నం: శిక్షణ జిల్లాలనే, వీలైతే మన దగ్గరి ఐటీఐల, ఎండకాలం పోయినంక, వానకాలం మొదట్ల పెట్టాలె. పట్టిన గ్యాస్ తీసుకునే కేంద్రం ఒకటి ఉమ్మడి పాలమూరుల ఉండాలె. కలెక్టర్ ఆఫీసుకు ఒక కాపీ, ఢిల్లీ ఓజోన్ సెల్‌కు ఒక కాపీ. అంకెలు సరిగ్గ ఉంటేనే చదువుతరు, పైసలు ఉన్న చోటు చూపించి అడిగితేనే కదులుతరు. జూన్ మొదటి వారం లోపల పంపితే వాన పడకముందే ఇచ్చి వస్తం.

అమ్మ నిన్ను అడిగినట్టు రాయమన్నది. ఈసారి బేనిషాన్ మామిడి కాత తక్కువ, పూత మీద వాన పడ్డది.

నీ దోస్తు